దాలమ్మ జడ ఇచ్చిన వాంగ్మూలం

జీడిపేటలో కత్తిరించిన జుట్టు మాట్లాడటం మొదలుపెట్టాక మునిసిపాలిటీ వారు చేసిన మొదటి పని సెలూన్ల పనివేళలు మార్చడం. పొద్దున్న ఆఫీసు తెరిచాకే షాపు తెరవాలి. సాయంత్రం ఆఫీసు మూసే ముందే షాపు కట్టేయాలి. వినే ఉద్యోగి లేని వేళ ఊళ్ళో జుట్టు రాలకూడదని దాని అర్థం.

జుట్టు గట్టిగా ఏమీ మాట్లాడదు. తల మీద ఉన్నంత కాలం అసలు నోరెత్తదు. కత్తెర పడి కిందికి రాలాక, కాసేపు ఊపిరి తీసుకుంటున్నట్టు ఊరుకుని, అప్పుడు మొదలుపెడుతుంది. అది పెరిగిన రోజుల్లో ఆ మనిషి మనసులో ఏమనుకున్నాడో అదే చెబుతుంది. గొంతు సన్నం. గోడ అవతల ఎవరో రేడియో పెట్టినట్టు ఉంటుంది. వెంట్రుక కొస ముందు మాట్లాడుతుంది, మొదలు తరవాత మాట్లాడుతుంది. కొస పాతది కాబట్టి అది న్యాయమే. సంచిలో వేసి మూతి కడితే ఆగుతుంది. విప్పితే ఆపిన చోటు నుంచి చెబుతుంది.

మొదట్లో జనం నవ్వుకున్నారు. బస్టాండు దాటాక ఉన్న తవిటయ్య షాపులో ఒకాయన క్రాపు చేయించుకుని లేస్తుంటే కింద నుంచి ‘ఈ రోడ్డు ఈ జన్మకి వెయ్యరు’ అని వినిపించింది. ఒక మాస్టారి జుట్టు ‘ఎవరొచ్చినా ఇంతే’ అంది. ఒకతని జుట్టు కరెంటు బిల్లు గురించి మొదలుపెట్టి తుడిచేదాకా ఆపలేదు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు, కుర్చీలో ఉన్నవాడి జుట్టు ఏమంటుందోనని పందేలు కాసుకునేవారు.

తవిటయ్య నవ్వలేదు. అతను మాటలు తక్కువ మనిషి. పైగా అతని షాపులో అద్దం పైన ఒక బోర్డు ఉంది. ‘ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు’ అని ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. అది అతని తండ్రి పెట్టించినది. ఏదో ఎన్నికలప్పుడు రెండు పార్టీలవాళ్ళు సగం గెడ్డాలతో కలబడ్డారు. కత్తి చేతిలో ఉన్న మనిషికి అది మంచిది కాదని పెద్దాయన మర్నాడే బోర్డు రాయించాడు. అప్పటి నుంచి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు వాన గురించీ సినిమా గురించీ మాట్లాడారు. మిగిలినది మనసులో అనుకున్నారు. బోర్డు నోటికే గాని జుట్టుకి వర్తించదని అప్పుడు ఎవరికీ తోచలేదు.

నవ్వులు ఆగిపోవడానికి కౌన్సిలర్ భుజంగరావు కారణం. ఆయనది అధికార పార్టీ. ఊరేగింపు ఉందని క్రాపుకి వచ్చాడు. సగం పని అయ్యేసరికి కింద పడ్డ జుట్టు ఆయన నాయకుణ్ణి అచ్చులో వేయడానికి వీల్లేని మాట ఒకటి అంది. తరవాత ఆ నాయకుడి అల్లుణ్ణి ఇంకో మాట అంది. బెంచీ మీదవాళ్ళు గోడ మీది సినిమా బొమ్మల కేసి తిరిగిపోయారు. భుజంగరావు కుర్చీ దిగాడు. మెడకి గుడ్డ అలాగే ఉండగా గొంతుక్కూర్చుని, రెండు చేతులా జుట్టు ఎత్తి చొక్కా జేబులో కుక్కుకున్నాడు. జేబు మాట్లాడుతూనే ఉంది. గుండె మీద అరచెయ్యి నొక్కి పెట్టుకుని ఆయన రోడ్డు వెంట వెళ్ళిపోయాడు. నమస్కారం పెడుతున్నాడనుకుని జనం తిరిగి నమస్కారాలు పెట్టారు.

పై వారంలో ఉత్తర్వు వచ్చింది. దాని పేరు పౌర కేశ భద్రతా నిబంధనలు. ఏ తల జుట్టు ఆ తలకి విడిగా, ఊపిరి తీసుకునే లోపలే ఎత్తి, సంచిలో వేసి, పేరూ వార్డూ రాసిన చీటీ కట్టాలి. సాయంత్రం జీపు వచ్చి సంచులు తీసుకెళుతుంది. క్రాపుకి ముందు వారం నూనె రాయకూడదు. నూనె రాస్తే మాట ముద్దగా వస్తుంది. రాసుకొచ్చినవాళ్ళకి ఆఫీసులోనే కుంకుడుకాయ పులుసుతో తలంటుతారు. బట్టతల వాళ్ళు పైనుంచి తీసిన ఫోటో ఇచ్చి మినహాయింపు కార్డు తీసుకోవాలి. జుట్టు తెగ పెంచుకుని తిరిగేవాళ్ళకి నోటీసు వస్తుంది.

దొంగదారులు కూడా జనం చూశారు. ధాన్యం పండించే ఒకాయన తన క్రాపు తనే చేసుకుని పెరట్లో తగలబెట్టాడు. కాల్చిన జుట్టు అన్ని మాటలూ ఒక్కసారే, పెద్ద గొంతుతో అంటుందని అప్పుడు తెలిసింది. ధాన్యం ధర మీద ఆయన అభిప్రాయం మూడు వీధులకి వినిపించింది. ఇంకొకడు నూతిలో పడేశాడు. ఆ నూతి నీళ్ళు కడవలో పోస్తుంటే గొణిగేవి.

మాట బరువుగా ఉందని తేలిన సంచుల వాళ్ళని సర్దుబాటుకి పిలిచేవారు. పాత పశువుల ఆసుపత్రి భవనంలో అది జరిగేది. కొట్టడం, తిట్టడం ఏమీ లేదు. భోజనం బాగుంటుందని కూడా చెప్పుకునేవారు. కొన్నాళ్ళకి జీపులోనే తెచ్చి ఇంటి ముందు దింపేవారు. వచ్చినవాళ్ళ తల తోమిన ఇత్తడి చెంబులా ఉండేది. ఆ తల మీద ఇంక వెంట్రుక మొలవదు. మనిషి అందరినీ చూసి నవ్వుతాడు. కరెంటు పోతే ఎక్కడ కూర్చున్నాడో అక్కడే, అలాగే కూర్చుంటాడు. దోమ కుట్టినా కొట్టుకోడు.

తవిటయ్య పక్క షాపు టీ కొట్టు నూకరాజుది. నూకరాజు తెలివైనవాడు. పొడుగు జుట్టులో పూర్తి ఆలోచన పడుతుంది కాబట్టి వారం వారం క్రాపు చేయించుకుంటే ఏ ఆలోచనా పూర్తిగా పట్టదని లెక్క వేసుకున్నాడు. లెక్క సరైనదే. అతని జుట్టులో ఒకే ఒక్క మాట పట్టింది. ఏ సంచి విప్పినా ‘ఎందుకు’ అని ఊరుకునేది.

ఆఫీసులో అతన్ని కూర్చోబెట్టి మర్యాదగా అడిగారు. “ఎందుకు అంటే, ఏది ఎందుకు?”

“నాకూ తెల్దు బావూ,” అన్నాడు నూకరాజు. అది నిజం. కాని ఏది అన్నది తెలియకపోతే అన్నీ అని రాసుకోవడం ఆఫీసు పద్ధతి.

సర్దుబాటు నుంచి వచ్చాక నూకరాజు టీలో పంచదార వేయడం మానేశాడు. మరిచిపోయాడో, అక్కర్లేదనుకున్నాడో తెలియదు. తాగేవాళ్ళు ఎవరూ ఆ సంగతి అనలేదు. మధ్యాహ్నం బేరం లేని వేళ ఎప్పటిలాగే తవిటయ్య షాపుకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తవిటయ్య కాసేపు ఆ నున్నటి తల కేసి చూశాడు. మెడకి గుడ్డ కట్టాడు. తల చుట్టూ గాలిలో కత్తెర ఆడించాడు. చప్పుడు అచ్చం క్రాపు చప్పుడులాగే వచ్చింది. అయ్యాక వెనక అద్దం పట్టాడు.

“బావుందా?”

“బావుంది తవిటి బావా,” అన్నాడు నూకరాజు నవ్వుతూ.

ఆ రోజు నుంచే తవిటయ్య చేతులు వణకడం మొదలైంది. ఆ రోజు నుంచే అతను జుట్టు మార్చడం కూడా మొదలుపెట్టాడు.

మార్చడం అంటే పెద్ద విద్య కాదు. నేల మీద పడ్డ జుట్టు ఊపిరి తీసుకునే ఆ కాస్త సేపే అతనికి కావాలి. కుర్చీ కింద ఒక బుట్ట పెట్టుకున్నాడు. బడి పిల్లలకి క్రాపు చేసినప్పుడు వాళ్ళ సంచుల్లో కొంచెమే వేసి, మిగిలింది వేరే సంచిలో మూతి కట్టి ఆ బుట్టలో దాచేవాడు. పెద్దవాళ్ళు ఎవరైనా మొహం మాడ్చుకుని, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంటే, వాళ్ళ జుట్టు బుట్టలోకీ పిల్లల జుట్టు వాళ్ళ సంచిలోకీ వెళ్ళేది. బుట్టలో చేరినది సాయంత్రం కొబ్బరినూనెలో నానబెట్టి, తారు డబ్బాలో తొక్కి, మాట పెగలకుండా మూత వేసేవాడు. ఏ జుట్టు గొంతైనా సన్నమే గనక తేడా ఎవరికీ పట్టుబడలేదు.

ఫలితం ఆఫీసు నివేదికల్లో కనిపించింది. జీడిపేటలో రైతులు ఎక్కువగా గోళీల గురించి ఆలోచిస్తున్నారు. రిక్షావాళ్ళకి పుల్ల ఐసు మీద, తాపీమేస్త్రీలకి గాలిపటాల మీద ధ్యాస ఉంది. ఒక రిటైర్డ్ తాసీల్దారు గారు ఎక్కాలు అప్పజెప్పాలంటే భయపడుతున్నారు. ధరల మీద, రోడ్ల మీద, నాయకుల మీద ఊళ్ళో ఎవరికీ ఏ ఆలోచనా లేదు. జిల్లాలో అన్నిటికన్నా తృప్తిగా ఉన్న పట్టణం జీడిపేట అని ప్రకటించి, మంత్రిగారు వచ్చి చైర్మన్‌కి శాలువా కప్పారు. సంచులు శుభ్రంగా కట్టినందుకు తవిటయ్యకి కూడా ఒక గోడగడియారం ఇచ్చారు. అది బోర్డు పక్కన మేకుకి తగిలించాడు.

అంతకు ముందే నిపుణుల సంఘం ఒకటి వచ్చి, జుట్టు మాట్లాడటానికి కారణం ఈ బోర్డే అని తేల్చి వెళ్ళింది. నోటి దగ్గర ఆపిన మాట తల వైపు తిరిగిందని వారి అభిప్రాయం. తప్పు బోర్డుదే అయినా సాక్ష్యం కాబట్టి, మళ్ళీ చెప్పేవరకూ తీయకూడదన్నారు.

జుట్టు మారుస్తున్న సంగతి తవిటయ్య ఒక్క మనిషికే చెప్పాడు. ఆమె అతని భార్య దాలమ్మ. చెప్పకుండా ఉండాల్సింది. కాని భయం ఒక్కడి కడుపులో పట్టలేదు. అన్నం తింటూ “ఈవేల ఇద్దర్ని తప్పించీసేను,” అనేవాడు. దాలమ్మ మజ్జిగ వంపేది. ఆమెకీ మాటలు తక్కువ. ఆ ఇంట్లో రెండు మూడు రోజులకి సరిపడా మాటలు ఒక పూటలో అయిపోయేవి.

ఆమె జడ మాత్రం నడుము దాటి ఉంటుంది. తుఫాను వచ్చిన ఏడాది తవిటయ్యకి పచ్చకామెర్లు ముదిరితే, మొగుడు బతికితే తలనీలాలు ఇస్తానని అమ్మవారికి మొక్కుకుంది. బతికాడు. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. ఇవ్వాల్సిన జుట్టు కదా అని అప్పటి నుంచి కొస కూడా కత్తిరించలేదు. తుఫాను నుంచి నిన్నటిదాకా ఆమె అనుకున్నదంతా ఆ జడలో ఉంది.

అప్పుడు ఆడవాళ్ళ ఉత్తర్వు వచ్చింది.

దానికి కారణం తవిటయ్యే, కాని ఆ సంగతి రాసినవాళ్ళకి తెలియదు. మగవాళ్ళంతా గోళీల గురించి ఆలోచిస్తుంటే ఆ ఇళ్ళలో బియ్యం గురించి ఎవరు ఆలోచిస్తున్నారన్న ప్రశ్న పై ఆఫీసులో పుట్టింది. ఎవరో ఒకరు ఆలోచించకుండా ఇల్లు గడవదు. ఆడవాళ్ళ జుట్టు ఇంతవరకూ వినలేదు. కనక ఆ ఆలోచన అక్కడ ఉంటుంది. ముందుగా సెలూన్ల వాళ్ళ ఇళ్ళ నుంచి మొదలుపెడితే మిగతావాళ్ళకి ధైర్యంగా ఉంటుందని ఉత్తర్వులో రాశారు. జడలు సంచిలో పట్టవు కాబట్టి అధికారి ఎదురుగా, షాపులోనే కత్తిరించి, అక్కడికక్కడే వింటారు. చర్మం కనబడేవరకూ తీయాలి. మొక్కుబడి పేరుతో ముందే కొండ మీద ఇచ్చేసినవాళ్ళది కొండ మీదే వింటారు.

తవిటయ్య ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకుని, మధ్యాహ్నం వేళ షాపు వదిలి ఇంటికి వచ్చాడు. అలా రావడం అదే మొదలు. దాలమ్మ పెరట్లో తల ఆరబెట్టుకుంటోంది. జుట్టు వీపు మీద పరుచుకుని నిశ్శబ్దంగా ఉంది. అతను అరుగు మీద కూర్చుని దాన్నే చూశాడు.

“ఏటి మావా, ఒంట్లో బాగునేదా?” అంది దాలమ్మ.

కాయితం సంగతి చెప్పాడు. ఆమె వేళ్ళు జుట్టులోనే ఆగిపోయాయి.

“ఇన్నేళ్ళూ ఏటనుకున్నావే నువ్వు?” అన్నాడు తవిటయ్య.

“ఏటనుకుంతాను? పప్పు. ఉప్పు.”

“పప్పు ఇప్పుడు రాజకీయమేనంట. ఇందల రాసినారు.”

“మరి ఉప్పు?”

అతను కాయితం తీసి చూశాడు. “ఉప్పు గురించి రాయనేదు.”

“అయితే ఉప్పు గురించే అనుకుంతాను నే.”

“ఇప్పుడనుకుంటే ఏటి లాభం? పెరిగిపోయింది పెరిగిపోనాది.”

అతను చుట్టూ చూశాడు. పక్క పెరట్లో ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు.

“ఆ సంగతి అనుకున్నావేటి?”

“ఏ సంగతి?”

“అదే. పిల్లల జుట్టు సంగతి.”

“బాగా సెప్పినావు. రోజూ నువ్వే కంచం కాడ కూకుని సెప్తావు. సెప్పింది అనుకోకుండా ఎలాగుంతాను? నా బుర్రేటి, మూతున్న కుండేటి?”

తవిటయ్య మొహం మాడిపోయింది. అతని కళ్ళ ముందు ఒక్కొక్కరూ కుర్చీ ఎక్కి దిగారు. కొలిమి పైడియ్య. రిక్షా జోగులు. ఎక్కాల తాసీల్దారు. ఆ ఒక్క మాట జడ అంటే వీధి వీధంతా జీపు ఎక్కుతుంది.

“మరీ అంత బెంగెట్టుకోకు,” అంది దాలమ్మ. “ఆ సంగతి బుర్రలోకొచ్చినప్పుడల్లా దాన్ని తోసీసి ఇంకోటనుకున్నాను. ఎప్పుడూ అదొక్కటే.”

“ఏటది?”

“సెప్పను. సెప్తే రేపక్కడ నిలబడి నువ్వదే తలుసుకుంతావు. కత్తి జారిపోద్ది.” జుట్టు ముడేసుకుని లేచింది. “ఒచ్చేవు కదా, గంజి తాగెల్లు.”

అనుకున్న రోజు కేశ తనిఖీ అధికారి లోకనాథం వచ్చాడు. కుర్రవాడే. నెమ్మదస్తుడు. ఎవరినీ నువ్వు అనడు. మడత కుర్చీ తనే తెచ్చుకున్నాడు. ఒక అట్ట, కాయితాలు, దర్జీల కొలత టేపు తెచ్చుకున్నాడు. బోర్డుకి ఎదురుగా కూర్చుని, “భయపడకండి తవిటయ్య గారూ. నియమం, అంతే,” అన్నాడు. అతని జుట్టు పొట్టిగా, ఒకే ఎత్తున ఉంది. ఏ ఊళ్ళో చేయించుకుంటాడో జీడిపేటలో ఎవరికీ తెలియదు.

షాపు బయట మగవాళ్ళు చేరారు. పైడియ్య వచ్చాడు. జోగులు రిక్షా ఆపి దాని మీదే కూర్చున్నాడు. తాసీల్దారు గారు గొడుగు వేసుకుని దూరంగా నిలబడ్డారు. తమని సర్దుబాటుకి ఎందుకు పిలవలేదో ఇన్నాళ్ళూ వాళ్ళు తవిటయ్యని అడగలేదు. అడగకుండానే తెలుసు. అందుకే వచ్చారు. నూకరాజు టీ తెచ్చి లోకనాథానికి ఇచ్చాడు. అతను ఒక గుక్క తాగి, కాసేపు ఆగి, “బావుంది,” అన్నాడు.

దాలమ్మ కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ కుర్చీ ఎక్కడం అదే మొదలు. కాళ్ళు కింద ఆనలేదు. తవిటయ్య మెడకి గుడ్డ కట్టి, జడ విప్పి, కొస దగ్గర కత్తెర పెట్టాడు.

మొదటి పాయ రాలింది. ఊపిరి తీసుకుంది. మాట్లాడింది.

‘గాలి కొట్టీసింది. పెంకులన్నీ ఎగిరిపోనాయి. ఈయన కళ్ళు పచ్చగున్నాయి. తల్లీ, ఈయన్ని బతికించు.’

లోకనాథం ఏమీ రాసుకోలేదు. టేపుతో రాలిన పాయ కొలిచి, “తుఫాను ఏడాది. సరే,” అన్నాడు.

తవిటయ్య పైకి వస్తున్నాడు. జుట్టు చెప్పుకుపోతోంది. కిరసనాయిలు అయిపోయింది. కుళాయిలో బురద వచ్చింది. పరిహారం రాసుకెళ్ళినాయన మళ్ళీ రాలేదు. లోకనాథం అక్కడ ఒక చుక్క పెట్టాడు. ఓటుకి వెళ్ళి వచ్చాను, వేలు మీద సిరా, ఆ చేత్తోనే పిండి కలిపాను. ఇంకో చుక్క. కందిపప్పు మానీసి పెసరపప్పు. పెసరపప్పు మానీసి ఉలవలు. ఉలవలు బాగున్నాయన్నాడు, పాపం, అబద్ధం. ఇక్కడ లోకనాథం కలం ఎత్తి, ఆలోచించి, దించేశాడు. ఎవరొచ్చి మైకులో ఏటి సెప్పినా నా పొయ్యి నానే ఊదుకోవాలి. చుక్క.

బయట ఎవరూ కదల్లేదు. చుక్కలు బరువు కాదని అందరికీ తెలుసు. చుక్కలు అందరికీ ఉంటాయి.

జుట్టు భుజాల దాకా వచ్చింది. చెవుల దాకా వచ్చింది. అక్కడికి తవిటయ్య చెయ్యి ఆగింది. చెవుల కింద నుంచి పైకి ఉన్నదంతా మొదటి ఉత్తర్వు వచ్చాక పెరిగినదే.

“కానివ్వండి,” అన్నాడు లోకనాథం.

కత్తెర పడింది. పాయ రాలింది. ఎక్కువసేపు ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది. జోగులు రిక్షా బెల్లు మీద చెయ్యి వేసి, మోగించలేదు.

‘ఈయన సెయ్యి వణుకుతున్నాది,’ అంది జుట్టు.

తవిటయ్య ఇంకో పాయ కత్తిరించాడు. ‘ఈయన సెయ్యి వణుకుతున్నాది. ముద్ద జారిపోతన్నాది. సూడనట్టు ఊరుకోవాల.’ ఇంకోటి. ‘ఈయనకి బయ్యం. నాకు బయ్యమని ఈయనకి తెలీకూడదు.’ కత్తెర పక్కన పెట్టి కత్తి తీశాడు. చర్మం దాకా గొరిగాడు. రాలిన నూగు కూడా అదే అంది. ‘సెయ్యి వణుకుతున్నాది. సెయ్యి వణుకుతున్నాది.’ గోళీల మాట రాలేదు. పిల్లల మాట రాలేదు. దాలమ్మ ఇంకో మాటకి చోటు లేకుండా ఆ ఒక్క మాటతోనే తల నింపేసుకుంది.

బయట పైడియ్య ఊపిరి వదిలాడు. తాసీల్దారు గారు గొడుగు మడిచారు.

లోకనాథం వంగి ఆ జుట్టుని కొలిచాడు. అట్ట మీది కాయితంతో సరిచూసుకున్నాడు. ఇంకోసారి కొలిచాడు.

“తవిటయ్య గారూ, చెయ్యి ఎందుకు వణుకుతోంది?”

“ముసిలితనం బావూ.”

“దీనికి కింద పాయల్లో వణుకు లేదండీ. ఉత్తర్వు వచ్చాకే మొదలైంది. ముసలితనం ఉత్తర్వుతో రాదు.”

తవిటయ్య కత్తి మడిచాడు.

“తప్పు చెయ్యనివాళ్ళకి భయం ఎందుకు?” అన్నాడు లోకనాథం. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు.

“అందరికీ ఉంది కదా బావూ.”

“ఉందని ఇంతవరకూ ఏ సంచిలోనూ రాలేదండీ. మీ ఊళ్ళో అందరికీ గోళీలే ఉన్నాయి. భయం మీ ఒక్క ఇంట్లోనే కనబడింది. అది రాయాలి నేను.” కలం తీశాడు. కలం కాయితం మీద సన్నగా వణికింది. అతను తన చేతి కేసి చూసుకుని, ఆ చేతిని జేబులో పెట్టుకుని, ఎడం చేత్తో మెల్లిగా రాశాడు. తవిటయ్య అది చూశాడు. తవిటయ్య చూశాడని అతనూ చూశాడు.

“నా జుట్టు కోస్తారేటి బావూ?”

“అక్కర్లేదండీ. చెయ్యి చాలు.”

దాలమ్మ కుర్చీ దిగింది. గుండు మీద కొంగు వేసుకోవడం కూడా మరిచిపోయింది. “బావూ, ఆ మాటలనుకున్నది నాను. అనుకున్నోల్లని అట్టుకెల్లాల గాని ఆయన్నేటి?” అంది.

“మీదేం తప్పు లేదమ్మా,” అన్నాడు లోకనాథం. “మీది కుటుంబ భావన. దానికి అనుమతి ఉంది.”

జీపు ఎక్కేముందు తవిటయ్య కత్తెర తుడిచి అద్దం ముందు పెట్టాడు. కుర్చీ కింద బుట్టని కాలితో లోపలికి తోశాడు. వీధిలోవాళ్ళు దారి ఇచ్చారు. పైడియ్య ఏదో చెప్పడానికి నోరు తెరిచి, జీపు కేసి చూసి, తన నెత్తి తడుముకుని ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకి తవిటయ్యని తెచ్చి దింపారు. చేతులు వణకడం పూర్తిగా తగ్గిపోయింది. అందరినీ చూసి నవ్వాడు. ఆఫీసువాళ్ళు ఇదివరకు చెయ్యి ఎందుకు వణికేదని అడిగితే జుట్టు మార్చిన సంగతి చెప్పాడు. ఇష్టంగా చెప్పలేదు, బాధగానూ చెప్పలేదు. బస్టాండుకి ఎలా వెళ్ళాలని అడిగితే చెప్పినట్టు చెప్పాడు. కుర్చీ కింద బుట్ట చూపించాడు. తారు డబ్బా చూపించాడు. ఎవరెవరివో పేర్లు వరసగా చెప్పాడు. వాళ్ళు కూడా జీపులో వెళ్ళి జీపులో వచ్చారు. తాసీల్దారు గారు ఇప్పుడు ఎక్కాలకి భయపడరు.

ఊళ్ళో నున్నటి తలలు ఎక్కువైపోయాయి. అయినా షాపు మూతపడలేదు. అలవాటు పోదు. మగవాళ్ళు నెలకోసారి వచ్చి కుర్చీలో కూర్చుంటారు. తవిటయ్య మెడకి గుడ్డ కట్టి, తల చుట్టూ గాలిలో కత్తెర ఆడిస్తాడు. ఇప్పుడు ఆ చప్పుడు నిలకడగా ఉంటుంది. వెనక అద్దం పడతాడు. బావుందా అంటాడు. బావుంది అంటారు. ఖాళీ సంచికి మూతి కట్టి చీటీ రాస్తాడు. సాయంత్రం జీపు వచ్చి ఖాళీ సంచులు తీసుకెళుతుంది. నిబంధనల్లో అది మార్చలేదు.

ఒక రోజు మునిసిపాలిటీ వారు వచ్చి పాత బోర్డు విప్పేశారు. దాని చోట కొత్తది పెట్టారు. ‘ఇక్కడ రాజకీయాలు మాట్లాడవచ్చు’ అని పచ్చ రంగుతో, ఇంకా పెద్ద అక్షరాలతో రాశారు. ఫోటో కోసం నలుగురిని బెంచీ మీద కూర్చోబెట్టి, మాట్లాడుకోమన్నాడు లోకనాథం. నలుగురూ సర్దుకుని కూర్చున్నారు. చాలాసేపటికి జోగులు, “ఎండగా ఉంది,” అన్నాడు. అది రాజకీయం కాదని లోకనాథం మెత్తగా చెప్పాడు. జోగులు తప్పయిపోయిందన్నాడు. ఫోటో బాగానే వచ్చింది.

దాలమ్మ జుట్టు మామూలుగానే పెరిగింది. కుటుంబ భావన కాబట్టి ఆమెకి సర్దుబాటు లేదు. నెలనెలా షాపుకి వచ్చి అధికారి ఎదురుగా తీయించుకోవాలి, అంతే. మొదటి నెల ఆ జుట్టు ‘ఈయన సెయ్యి వణకట్లేదు’ అంది. ‘వణికితే బాగుణ్ను’ అని కూడా అంది. లోకనాథం చుక్క పెట్టాడు. తరవాతి నెల ‘అన్నం తిన్నాడు. నవ్వినాడు. ఎవలీయన’ అంది. అతను రెండు చుక్కలు పెట్టి, “కొంచెం తగ్గించుకోండమ్మా,” అని చెప్పాడు. ఆమె తగ్గించుకుంది. ఎలా తగ్గించుకుందో ఎవరికీ తెలియదు. ఏ పని చేస్తున్నా పెదాలు కదుపుతూ ఉంటుందని మాత్రం పక్కింటివాళ్ళు చెప్పారు.

ఈ నెల కూడా ఆమె వచ్చి కుర్చీ ఎక్కింది. కాళ్ళు కింద ఆనలేదు. తవిటయ్య గుడ్డ కట్టి, కత్తి పెట్టాడు. కొత్త బోర్డు పక్కన గడియారం కొట్టుకుంటోంది. జుట్టు కొంచెమే రాలింది. లోకనాథం వినడానికి ముందుకి వంగాడు. తవిటయ్య అలవాటు ప్రకారం వెనక అద్దం పట్టి, “బావుందా?” అన్నాడు.

“బావుంది,” అంది నేల మీది జుట్టు. “బావుంది. బావుంది.”

లోకనాథం సంతోషించి కాయితం మీద సంతకం చేశాడు. తవిటయ్య జుట్టు ఎత్తి సంచిలో వేసి మూతి కట్టాడు. కుర్చీలో దాలమ్మ అద్దంలోకి చూస్తూ ఏదో చెప్పబోయింది. జుట్టు అప్పటికే చెప్పేసింది కదా అని ఎవరూ ఆగలేదు.